ఆఖరి కామా తర్వాత

ఎండెల్‌కి మణికట్టు వాచింది,
అందుకని ఈ శరత్తులో లెక్కలు నా నెత్తిన పడ్డాయి.
నేను ఈ కేంద్రానికి వంటమనిషిని.
సారెమా దీవి దక్షిణపు కొన, రెండు పక్కలా సముద్రం,
మధ్యన వలలు, మేము, ఆగని గాలి.

ఇరవై రెండేళ్ల ఫైలు.
పిట్టకొక వరుస:
ఉంగరం నంబరు, జాతి, బరువు, గాలి దిక్కు,
చివర్న, మళ్లీ ఎక్కడైనా దొరికితే ఆ ఊరు.
నడుమ నడుమ కామాలు
రై రొట్టెలో షాజీరా గింజల్లా వంకరగా.

లీస్‌బెత్ పడవ దిగి తడిబూట్లతోనే కూర్చుంది.
"ఇది పెర్ల్. భయపడకు.
ఒక్కో వరుసా చదివించు. ముందు చోంప్ చెయ్యి,
చివర కంటికానని తోకొకటి ఉంటుంది,
కొరికెయ్యకపోతే ఊరి పేరుకి అంటుకొస్తుంది.
తర్వాత స్ప్లిట్.
రెండు ఏటవాలు గీతల మధ్య ఒక్క కామా,
ఎక్కడ తెగాలో కత్తికి అదే చెబుతుంది."

తెగింది. ముక్కలు బుద్ధిగా నిలబడ్డాయి.
మొదటిదాన్ని సున్నా అనాలట.
నలభై ఏళ్లు వడ్డించినదాన్ని,
బల్ల దగ్గర మొదట కూర్చున్నవాణ్ణి సున్నా అనడానికి నోరు రాలేదు.
ఒకటి అన్నాను.
ఉంగరం అడిగితే జాతి పలికింది.
సరే, సున్నా.

మూడో రోజు చూస్తే
ఎర్రరొమ్ము పిట్టలన్నీ కచ్చితంగా పదహారు గ్రాములు,
కాకుంటే పదిహేడు.
గాలి దిక్కు గడిలో: నాలుగు. ఏడు. రెండు.
నాలుగు అనే దిక్కు నుంచి ఏ గాలి వస్తుంది?

ఒకే దెబ్బకి రెండు పిట్టలంటారు.
నేను ఒకే పిట్టని ఒకే దెబ్బకి రెండు చేశాను.
ఇక్కడ దశాంశానికి చుక్క పెట్టం,
కామా పెడతాం: పదహారు కామా నాలుగు.
ఎండెల్ అలాగే రాశాడు,
వాళ్లమ్మ హెర్రింగు తూచి రాసినట్టే.

ఫోన్‌లో లీస్‌బెత్ నవ్వలేదు.
"స్ప్లిట్‌కి కళ్లు లేవు.
ఆ కామా గోడో గుమ్మమో దానికేం తెలుసు?
కోట్స్ పెట్టి ఉంటే వేరే మాడ్యూల్ చూసుకునేది.
పెట్టలేదుగా. ముక్కలు లెక్కపెట్టు.
ఆరొస్తే మూడోదీ నాలుగోదీ చుక్కతో కుట్టెయ్యి."

లెక్కపెట్టాను. ఆరు ఎక్కడో ఒకటి.
విరిగిన బరువులకీ ఐదే వస్తున్నాయి.
బఠాణీలు మాడిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.
అప్పుడు అర్థమైంది:
చివర ఖాళీగా ఉన్న గడిని
స్ప్లిట్ చెప్పాపెట్టకుండా పారేస్తోంది.
ఎవరూ రాలేదు కదా,
ఈ కుర్చీ ఎందుకని తీసేసినట్టు.

ఉంచమని అడగాలంటే
వరుస పేరు తర్వాత మైనస్ ఒకటి అని రాయాలి.
రాశాను.

తెర నిండా వచ్చి కూర్చున్నాయి ఖాళీలు.
వేలకి వేలు.
ఎండెల్ కట్టు కట్టిన చేత్తో తలుపు తోసుకుని వచ్చాడు,
చాలాసేపు కిందికి జరుపుతూ చూశాడు.
ఒక్కచోట ఆగాడు: మయోర్కా, ఒక ద్రాక్షతోట.
"ఇది నాకు గుర్తుంది, వేలు కొరికింది" అన్నాడు.
మిగతావాటి గురించి ఏమీ అనలేదు.

రేపు గాలి ఈశాన్యమట.
వలలు తెల్లారకముందే విప్పాలి.
మాడిన గిన్నె నానబెట్టి
ఇవాళ్టి మొదటి పిట్టని ఎక్కించాను:
ఐదు పాయింట్ ఆరు గ్రాములు, చుక్క పెట్టే.
ఆఖరి కామా కొట్టి
వేలు తీసేశాను.