కొలతకి దగ్గుమందు మూత

పెరంబూరు, మే నెల, మూడో అంతస్తు.
కరెంటు పోయి నలభై నిమిషాలు.
ఫ్రీజర్లో ఐసు ఇంకా ఐసులాగే ఉంది,
తొందరపడాలి.

మరగతం జిన్ తెచ్చింది
గుడ్డసంచిలో, పైన రెండు మునక్కాయలు కప్పి.
మెట్ల మీద ఓనరుగారికి
మునక్కాయలే కనబడాలి కదా.

షేకరు లేదు. హార్లిక్స్ సీసా ఉంది.
కొలతకి దగ్గుమందు మూత,
ఎంత కడిగినా కాస్త తులసి వాసన.
"పోనీ, అదీ ఒక రుచే" అంది.
ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి,
గీత దగ్గర చెయ్యి వణకదు.
ఆరు మూతల జిన్, నాలుగు మూతల నన్నారి.
మా అమ్మ సుగంధిపాల అనేది.
ఒకటే వేరు,
బస్సు తడ దాటగానే పేరు మార్చుకుంటుంది.

నిమ్మకాయ పిండితే
పొద్దున బీరకాయ చెక్కుతూ కోసుకున్న వేలు చురుక్కుమంది.
మూత బిగించి ఊపాను.
ఫ్యాన్లు ఆగిపోయిన వీధిలో ఆ గలగల మరీ పెద్దది.
ఎదురింటి పిల్లాడు కిటికీలోంచి తొంగిచూశాడు.
"హార్లిక్స్" అని సీసా ఎత్తి చూపించాను.
తలాడించాడు, పాపం, జాలిగా.

ఇక సోడా.
గోలీ సోడాయే, మూలకొట్టుది.
మరగతం బొటనవేలితో నొక్కింది, రెండు చేతులతో నొక్కింది,
అరవంలో ఏదో తిట్టింది.
నాకు వచ్చు.
మా నాన్న చాకలిపేటలో సోడాబండి నడిపాడు,
సీసా పేలుతుందని ఎడంచేతికి ఎప్పుడూ గోనెపట్టా.
తాగేవాళ్ళంటే ఆయనకి గిట్టదు.
సాయంత్రం ఆరు దాటితే
బేరమంతా వాళ్ళదే.

టక్.
గోలీ జారింది, సీసా బుస్సుమంది.
యాభై రెండేళ్ళ నా వీపు
దానంతటదే నిటారైంది,
ఖాళీ సీసాలు లెక్కపెట్టావా అని
వెనకనుంచి ఎవరో అడిగినట్టు.

రెండు, నాన్నా.
రెండే.

స్టీలు గ్లాసులొద్దంది మరగతం, రంగు చూడాలట.
అడుగున పాతబెల్లం, పైన నురుగు,
మధ్యలో ఎలా వచ్చి పడిందో ఒక నిమ్మగింజ.
మునుగుతుంది.
ఒళ్ళంతా బుడగలు అంటించుకుని పైకి వస్తుంది,
పైన వాటిని వదిలేసి మళ్ళీ మునుగుతుంది.

కరెంటొచ్చింది.
లోపల మిక్సీ దానంతటదే తిరగడం మొదలెట్టింది,
స్విచ్ ఆపడం మరిచినట్టున్నాను.
"ఉండు" అంది మరగతం, నా మణికట్టు పట్టుకుని,
"ఇంకొక్కసారి పైకొస్తుంది చూడు."