జీతం గడి

పొద్దున ఎనిమిదింటికి కాజీపేట చౌరస్తాల బస్సెక్కుత.
సంచిల టిఫిన్ డబ్బా, చాక్‌పీసుల పెట్టె,
పాత తువ్వాలల చుట్టిన ఒక రాయి:
ఇరవై ఐదు కోట్ల ఏండ్ల కింద రాలిన ఆకు
రామగుండం దిక్కు దొరికింది, ఈనెలు ఇంకా లెక్కపెట్టొచ్చు.
నయీంనగర్ దాటినంక కండక్టర్ అడుగుతడు
"ఇంకా డ్యూటీయేనా సార్?"
డ్యూటీ కాదు అంట.
మరేంది అంటే నా దగ్గర మాట లేదు.

రిటైరై నాలుగేండ్లు.
భూగర్భశాస్త్రం డిపార్ట్‌మెంటుల ఏడు కుర్చీలుండె,
ఇప్పుడు కూసునేటోళ్లు ఇద్దరు,
అందుల ఒకాయనకు హాస్టల్ పని గూడ.
ఖనిజాల పాఠం చెప్పేటోళ్లు లేరని ఫోన్ వస్తే
వస్త అన్న. ఎంతకని అడగలే.
మా ఇంటామె అడిగింది,
"బస్సు కిరాయన్న ఇస్తరా?"

సాంబయ్య తాళం తీస్తడు.
హాజరు రిజిస్టర్‌ల నా పేరు లేదు.
ఆఖరి గీత కింద పెన్సిల్‌తోని తనే రాస్తడు
"పాత సారు వచ్చిండు."
చెరిగిపోతే మళ్ల దిద్దుతడు.

పదకొండు మంది పిల్లలు.
మైక్రోస్కోపులు నాలుగు, వెలుగొచ్చేవి రెండు.
గోదావరిఖని పిలగానికి బొగ్గు గురించి నేను చెప్పేదేముంది,
వాళ్ల నాయిన ముప్పై ఏండ్లు దాని లోపట్నే ఉన్నడు.
ఉట్నూరు దిక్కు పిల్ల ఆత్రం లక్కుబాయి
పలుచగ అరగదీసిన రాతిముక్కను కటకం కింద పెట్టి
తిప్పి తిప్పి
ఒక్కసారి ఊపిరి ఆపింది:
"సార్, నల్లరాయిల ఇన్ని రంగులా!"
గా ఒక్క నిమిషానికి
ఏ ట్రెజరీల చెక్కు రాస్తరు?
అనుకున్న. గర్వంగనే అనుకున్న, దాచను.

మొన్న గేటు కాడ టెంటు.
పార్ట్‌టైమ్ వాళ్ల దీక్ష, తొమ్మిదో రోజు.
మొగిలి లేచి నిలవడ్డడు,
నా దగ్గర పీహెచ్‌డీ చేసినోడు,
రామగుండం ఎండల నాతోని రాళ్లు మోసినోడు.
చేతిల ఒక నకలు కాగితం.
పోస్టు ఎందుకు నింపలేదంటే వచ్చిన జవాబు:
"తరగతులు వ్యయరహితముగా జరుగుచున్నందున
ప్రస్తుతము నియామకము అవసరము లేదు."

వ్యయరహితముగా.
నా పేరు రాయకుండనే నన్ను రాసిండ్రు.

"మిమ్ముల తప్పు పడ్తలేను సార్.
మీకు పెన్షనుంది, మీది సేవ.
నాకు నలభై రెండేండ్లు,
గంటల లెక్కన పైసలు, అవి గూడ ఆర్నెల్లకోసారి.
మీ సేవ నీడ పడ్డ కాడ
నాది వెట్టి అయితది."

మా తాత దొర గడీల జీతమున్నడు.
జీతమంటే అప్పుడు ఏడాదికిన్ని జొన్నలు, తెగని బాకీ.
ఒకటో తారీఖు చేతికొచ్చే జీతాన్ని
మా ఇంటికి మొదట తెచ్చింది నేను.
గా మాటను మళ్ల అగ్గువ చేసింది గూడ నేనేనా?

ఆ రోజు పాఠం చెప్పిన, సగం మతి లేకుండ.
బోర్డు మీద ఫెల్డ్‌స్పార్ రాయబోయి నడుమ ఆగిన.
మిగతా సగం లక్కుబాయి అందించింది.

రాత్రి కూసొని రిజిస్ట్రార్‌కు ఉత్తరం రాసిన:
నా పేరు సిరాతోని ఎక్కించండి.
పక్కన జీతం గడిల సున్న పెట్టకండి, గీత కొట్టకండి.
గంటకెంతయితదో అంకెలల్ల రాయండి, అక్షరాలల్ల రాయండి.
నేను తీసుకోను.
కాని బాకీ అని రాయండి.
ఆ కుర్చీల మనిషి కూసునే దాక
గా బాకీ మీ పద్దుల ఉండాలె.
కూసున్న తెల్లారి నేను రాను.

జవాబు రాలే. రాదేమో గూడ.

ఇయ్యాల టెంటు కాడనే దిగిన.
తువ్వాల విప్పి
ఆకురాయిని మొగిలి చేతిల పెట్టిన.
బొటనవేలితోని ఈనెల మీది దుమ్ము తుడిచి
"ఇది మనం తెచ్చిందే గద సార్" అన్నడు.
పైన కిటికీల నుంచి పిల్లలు చూస్తున్నరు.
తొమ్మిదిన్నర గంట కొట్టింది.
ఇద్దరం లేవలే.