ఎడ్డెం, తెడ్డెం

నాలుగో అంతస్తు నించి దింపడానికి
ఇద్దరు మనుషులు, మూడు సిగరెట్ల విరామాలు.
"మోకాళ్లు జాగ్రత్త" అంది స్తెఫానియా గారు.
మావో, మెట్లవో, ఆ పెట్టెలవో చెప్పలేదు.

పోజ్నాన్‌లో నవంబరు.
నా ట్రామ్ డిపో చేరేసరికే చీకటి.
నోట్లు లెక్కపెట్టుకుంటూ ఆవిడే మొదలెట్టింది:
"మా జెనోన్ చివరిదాకా వీటిని తిట్టుకున్నాడు.
ఆర్నెల్ల జీతం పోశాను,
అడుగున గొంతే లేదు, నన్ను మోసం చేశారు అనేవాడు.
నలభై ఏళ్లు అదే పాట.
నీకెందుకమ్మాయ్ ఇవి?"

ఎందుకో నాకూ తెలీదు.

వంటింటి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి
ముసుగు గుడ్డ విప్పాను.
కోను చుట్టూ నురుగు అంచు
వేలు తగలగానే తారులా అంటుకుంది,
మిగతాది పాత కేకులా రాలింది.
స్పిరిట్టు, దూది, మొద్దు కత్తి.
మూడు రాత్రులు గీకితే
నా గోళ్ల కింద
ఎవరి ఇంటిదో ఒక దశాబ్దం.

కొత్త అంచు అతికించే ముందు
తీగచుట్ట నట్టనడుమ నిలబడాలి.
సందులో ఫోటో ఫిల్ము ముక్కలు నాలుగు దోపాను.
వెంట్రుకవాసి అటైతే గరగర,
ఇటైతే గరగర.
ట్రామ్ బ్రేకు కూడా ఇంత మెత్తగా వెయ్యను నేను.

ఎండిపోయిన కెపాసిటర్లు రెండు మార్చాను.
చెక్కకు రెండు పూతలు అవిసె నూనె.
పైన గుండ్రటి మచ్చ, పూలకుండీది,
ఎంత రుద్దినా పోలేదు.
పోనీలే, ఉండనీ అనుకున్నాను.

ఆఖరున ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ.
ఎర్ర కొసకు ప్లస్సు తాకిస్తే
కోను ముందుకు గెంతాలి.
కుడిది గెంతింది.
ఎడమది లోపలికి ముడుచుకుంది,
చుట్టాలు పిలిస్తే తలుపు చాటుకెళ్లే పిల్లలా.

మళ్లీ తాకించాను. మళ్లీ అంతే.
టార్చి వేసి చూస్తే లోపల
తీగలు రెండూ తారుమారు.
ఫ్యాక్టరీ టంకం కాదది.
ఇంట్లో, ఊపిరి బిగబట్టి,
భార్య నిద్రపోయాక ఎవరో పెట్టిన
పెద్ద, గర్వపు బొట్టు.

నలభై ఏళ్లు
ఒకటి ఎడ్డెమంటే రెండోది తెడ్డెం.
ఇది నెట్టిన గాలిని అది లాక్కునేది.
నడుమ సోఫాలో కూర్చున్నవాడి దాకా వచ్చేసరికి
మంద్రమంతా సున్నా.
అతన్ని ఎవరూ మోసం చెయ్యలేదు.

చెప్పాలా వద్దా అని
నాలుగు రోజులు పట్టాల మీద తిరిగాను,
ఒక స్టాపు ఆపకుండా దాటేశాను కూడా.
చివరికి ఫోను చేశాను.
అవతల చాలాసేపు కెటిల్ ఈల.
తరవాత, "ఏదీ, వినిపించు" అంది.
ఫోను తీసుకెళ్లి కోను ముందు పెట్టాను.
ఫోనుకి మంద్రం పట్టదు కదా.
"మారిందేముంది,
అప్పట్లాగే ఉందిగా" అంది ఆవిడ.

ఆదివారం తనే వచ్చింది,
తడిసిన గొడుగుతో, గసగసాల కేకుతో.
పెద్ద వీణలాంటి ఆ వాద్యం తీగ కదలగానే
నేల లోంచి లేచింది శబ్దం,
సాసరులో కప్పు వణికింది.
ఆవిడ లేచి ఎడమ పెట్టె మీద,
సరిగ్గా ఆ మచ్చ మీద, అరచెయ్యి ఆనించింది.
"ఇది మా ఇల్లు కాదు" అంది.
కోపంగా కాదు,
గుడ్డ కొలత చెబుతున్నట్టు.

"ఒక్క పాటకి పాతలా పెట్టగలవా?"

తీగలు తిరగేశాను.
అడుగు ఊడిపోయింది.
గొంతొక్కటే గదిలో పల్చగా వేలాడింది,
ఎటు నించి వస్తోందో తెలియకుండా.
ఆవిడ తలూపింది.
"ఇదిగో, ఇప్పుడు తిట్టడం మొదలెడతాడు" అంది,
కేకు కోస్తూ.

ఆ రాత్రే ఎడమ పెట్టె వెనక
చిన్న మీట బిగించాను.
పైకంటే ఒకటి, కిందికంటే ఒకటి.
పక్కన ఏమీ రాయలేదు.

కుడిదాని ట్వీటరు ఇంకా బొంగురే.
దానికి వచ్చే నెల జీతం రావాలి.