దిండ్లు ఎగిరిన నాలుగు సెకన్లు

ఆ పెట్టె హతకెయామాకి అమ్మింది నేనే.
యొకోతె ఊళ్లో మొదటిది, బహుశా ఆఖరిదీ.
ఆపిల్ తోట మీద వచ్చే డబ్బుతో
పద్దెనిమిది వాయిదాలు కట్టాడు.
"ఇందులో బొమ్మ ఉండదు, ఉత్త అంకెలుంటాయి" అని చెప్తే
క్యాసెట్టుని చెవి దగ్గర పెట్టుకుని
పుచ్చకాయని తట్టినట్టు తట్టి చూశాడు.

మార్చి నెలంటే మాకింకా నడుంలోతు మంచు.
పాత టీవీలో అది తెర మీదే కురిసేది,
గరగరమని. అయినా మనిషి పోలిక తెలిసేది.
కొత్తదానికి ఆ మర్యాద తెలియదు.
ఉంటే చెమటబొట్టుతో సహా ఉంటుంది,
లేదంటే గళ్లుగళ్లుగా విరిగి
ఆపైన ఏమీ ఉండదు.
అందుకని సుమో మొదలయ్యే వేళకి
చీపురు పట్టుకుని కప్పెక్కేవాడు,
డెబ్బై ఒకటో ఏట,
చంటిదాని ముక్కు తుడిచినట్టు డిష్ మొహం తుడవడానికి.
భార్య షిగెనో కింద నిలబడి తిట్టేది.
నిచ్చెన మాత్రం వదిలేది కాదు.

పదకొండో రోజు. ఒసాకా.
మల్లుల్లో మేటి, యొకొజునా, ఓడిపోయాడు.
జనం కింద వేసుకున్న దిండ్లు లాగి విసిరారు,
వందో, రెండొందలో.
కెమెరా వాటి వెంట అటు పోయి ఇటొచ్చింది.
నాలుగు సెకన్లు.

రాత్రి పదకొండింటికి నాకు ఫోను.
పాడైందేమోనని స్క్రూడ్రైవర్ల సంచీతో వెళ్లాను.
"ఇదిగో" అన్నాడు, తెర మీద వేలు పెట్టి,
"పధ్నాలుగో వరస. దిండు విసరని మనిషి."
పాత తెరలో అయితే గోధుమరంగు చుక్క.
ఇప్పుడు కోటుకి ఒక గుండీ
వేరే రంగు దారంతో కుట్టి ఉంది.
ఎడమ కనుబొమ్మలో గాటు.
"ఆ గాటు నేను పెట్టిందే. కొమ్మలు కోసే కత్తెర తగిలి.
వాడికప్పుడు ఆరేళ్లు."
"తొకుజి" అంది షిగెనో.
ఆ ఇంట్లో పంతొమ్మిదేళ్లుగా ఎవరూ పలకని పేరని
ఆవిడ కెటిల్ కిందపెట్టిన తీరుకి తెలిసింది.

"ఆపు. వాణ్ణక్కడే ఆపు."
ఆ మోడల్లో ఉన్న లోపమే అది. అమ్మేటప్పుడు నేను చెప్పలేదు.
పాజ్ నొక్కితే నల్లతెర.
కదుల్తుంటేనే మనిషి.
వెనక్కి తిప్పు, చూడు. వెనక్కి తిప్పు, చూడు.
తోట అమ్మే సంగతి మీద అన్నదమ్ములిద్దరూ
ఒక ఏడాదంతా ఇలాగే తిప్పారని
నేను గుమ్మంలో బూట్లు వేసుకుంటుంటే షిగెనో చెప్పింది.
ఎవరు అమ్ముదామన్నారో చెప్పలేదు.

ఏప్రిల్లో మళ్లీ పిలిచాడు.
టేపు అరిగింది.
ఒకేచోట రుద్దితే ఏ టేపైనా అంతే.
ఇది మాత్రం అంకె ఒకటి పోతే పూడ్చుకుంటుంది,
పది పోయినా పైకి తెలియనివ్వదు,
ఆ తర్వాత ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది.
దిండ్లు బాగానే ఎగురుతున్నాయి.
పధ్నాలుగో వరసలో
మొహం ఉండాల్సిన చోట నాలుగు ఆకుపచ్చ గళ్లు.
గుండీ ఉంది.

"ఇంకో టేపు మీదికి ఎక్కించు."
"గళ్లు కూడా ఎక్కుతాయి. ఒక్కటీ తగ్గకుండా.
దీని నిజాయితీ అలాంటిది."
నవ్వుతాడనుకుని అన్న మాట. నవ్వలేదు.
హెడ్డు తుడిచాను. డబ్బు తీసుకోలేదు,
పాజ్ సంగతి అప్పుడైనా ఒప్పుకోవాల్సింది.

క్యాసెట్టు అంచున చిన్న మీట ఉంటుంది.
దాన్ని జరిపితే ఇక ఏదీ దాని మీద రికార్డవదు.
బొటనవేలి గోరుతో జరిపాడు.
సరిగా పడిందో లేదోనని రెండుసార్లు చూశాడు.

కప్పు మీంచి ఆ ఏటి చివరి మంచు
దబ్బున జారి వాకిట్లో పడింది.
ముగ్గురం ఉలిక్కిపడ్డాం.

"ఒసాకా టెలిఫోన్ డైరెక్టరీ
నీ షాపులో దొరుకుతుందా?" అన్నాడు, నా వైపు చూడకుండా.
నా దగ్గర ఉండేవి బల్బులూ బ్యాటరీలూ.
"తెప్పిస్తాను" అన్నాను.