తలుపు తాళం

ఆమదాలవలసలో ముప్పై రెండేళ్లు ఉత్తరాలు పంచేను.
కవరు బరువుని బట్టి
ఏ గడపకి ఏం ముంచుకొచ్చిందో చెప్పేవాణ్ణి.
లా పరీక్షకి చదువుతున్న మనవరాలు హైమ
పుస్తకంలోంచి తలెత్తి
"రాజ్యసభకి మనిషిని ఎలా ఎన్నుకోవాలి, తాతా?" అంది,
నవ్వులాటకే.
నాకు మాత్రం గుర్తొచ్చింది
రైలు గేటు పక్క సందులో
ఒక తాళంకప్ప.

గురుగుబెల్లి నీలవేణమ్మ ఇల్లది.
వెనకగది అద్దెకి తీసుకున్నారు, తెల్లకారు మనుషులు.
ఒక ట్రంకుపెట్టె దిగింది. ఒక మడతకుర్చీ దిగింది.
మనిషి దిగలేదు.
ఓటర్ల జాబితాలో మాత్రం దిగేడు,
ఇంటి నెంబరు, సందు పేరు, వయసు యాభై నాలుగు.
ఇక్కడ ఓటుంటేనే
ఈ రాష్ట్రం పేరున పెద్దసభకి వెళ్లనిచ్చే రోజులవి.

వెళ్లేడు.
నా తిప్పలు మొదలయ్యేయి.
గట్టు తెగిన నాగావళి ఒడ్డు నుంచి ఉత్తరం,
చెరకు బకాయిలు రాని రైతు నుంచి ఉత్తరం,
ఉద్దానం నుంచి, రూళ్ల కాగితం మీద,
"మా నీళ్లు పరీచ్చ సేయించండి బాబూ" అని.
అన్నీ ఆ గదికే.
తలుపు కొట్టేవాణ్ణి, ఉద్యోగధర్మం కదా.
ఎర్రపెన్సిల్‌తో "తలుపు తాళం" అని రాసి
ఏడు రోజులు అట్టేపెట్టి
వచ్చిన దారినే పంపేవాణ్ణి.

నీలవేణమ్మ చేట పక్కన పెట్టి అనేది:
"ఆ పెట్టెకి సదివి ఇనిపించు బాబూ,
ఈ గదిలో ఉంతన్నది అదే గదా."

ఆరేళ్లలో ఒక్కసారి వచ్చేడాయన.
మంచినీళ్లడిగేడు.
ఆవిడ చెంబుతో తెస్తే
సీసా నీళ్లు లేవా అని
తాగకుండానే కారెక్కేడు.

ఆ తర్వాత చట్టం మారింది.
దేశంలో ఎక్కడ ఓటున్నా
ఏ రాష్ట్రం పేరునైనా వెళ్లొచ్చట.
గది ఖాళీ చేశారు. ఆవిడకి అద్దె పోయింది.
నాకు పోయిందేమిటో
ఇన్నేళ్లయినా సరిగ్గా చెప్పలేను.
ఆ అబద్ధానికి ఒక మర్యాద ఉండేది, హైమా.
మాలో ఒకణ్ణని చెప్పుకోడానికి
మా సందు పేరైనా కూడబలుక్కోవలసొచ్చేది.
ఇప్పుడు అబద్ధమాడే శ్రమ కూడా తప్పించారు.

"తెలివైనవాడు ఏ ఊరివాడైతేనేం?" అంటుంది పిల్ల.
నిజమే. మా ఊళ్లో పుట్టిన మొద్దులు నాకూ తెలుసు.
"పోనీ, జనమే నేరుగా ఓటేస్తే?"
వేయొచ్చు.
కానీ అసెంబ్లీకి వెళ్లేవాళ్లకీ మనమే వేసేం కదా,
వాళ్లేమో పార్టీ మనిషికి చీటీ చూపించి మరీ పెట్టెలో వేస్తారట.
దాచుకోవడానికి వాళ్లకి సొంత మాట ఉంటే కదా
అనుకున్నాను గానీ
పైకి అనలేదు.

నాకు తెలిసింది మనీఆర్డరు ఒక్కటే.
పలాస జీడిపిక్కల బట్టీలో పొగ మింగి
ఓ తల్లి కట్టిన వంద రూపాయలు
ఎన్ని చేతులు మారితేనేం,
ఎన్ని సంచులు మారితేనేం,
చివర్లో ఒక చిన్న రసీదు ముక్క
అందుకున్నవాడి సంతకంతో
ఆవిడ చేతికి తిరిగొస్తుంది.
అది రాలేదా,
ఆవిడ నా సైకిలు హేండిల్ పట్టుకుని
రోడ్డు మీదే నిలదీస్తుంది.

మన ఓటుకి ఆ ముక్క ఏదీ?

హైమ కలం పట్టుకుని ఆలోచిస్తోంది.
ఇది పరీక్షలో రాస్తే మార్కులు రావు, రాయకు అన్నాను.

నీలవేణమ్మ పోయి నాలుగేళ్లు.
ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడున్నాడు.
ట్రంకుపెట్టె మీద కూర్చుని టీ తాగుతాడు.
ఎవరి పెట్టె ఇది అని అడిగేడు మొన్న.

ఎంపీ గారిది అన్నాను.
ఏ ఎంపీ అన్నాడు.