తరుగు

నేను అమ్మేది కరిగిపోయే సరుకు.
హోమాబే సరస్సు ఒడ్డున, పాత పత్తి గోదాములో
అచ్చుల్లోంచి ఐసుదిమ్మెలు జారే చప్పుడుతో
తెల్లారుజాము మూడింటికి నా రోజు మొదలవుతుంది.
దిమ్మె పాతిక కిలోలు.
రంపపుపొట్టు అద్ది, తడిగోనెలో చుట్టి
మోటారుసైకిలు వెనక కట్టేసరికి ఇరవై నాలుగు.
పడవల రేవు చేరేసరికి ఇరవై రెండు.
మిగతా మూడు కిలోలూ
దారి పొడుగునా దుమ్ములో ఒక సన్నటి గీత.
కోళ్ళు తాగుతాయి దాన్ని.

మొదటి ఏడాది
ఆ గీతకి కూడా డబ్బు వసూలు చేశాను.
"కార్ఖానా తూకమే తూకం" అని
గోడమీద ఎర్రరంగుతో రాయించాను కూడా.
చేపలమ్మే డోర్సిలా ఒకరోజు
తన త్రాసు తనే మోసుకొచ్చింది.
అరవలేదు, తిట్టలేదు.
దిమ్మెను పళ్ళెంలో పెట్టి, పక్కనే చతికిలబడి
పొగాకు నములుతూ
ముల్లు దిగడం చూడమంది.
చూశాను.
ఏ అంకెనీ నేను అంతసేపు చూసి ఎరగను.
"కారిపోయింది నీది కాదు, నాదీ కాదు," అంది లేస్తూ,
"మరి నేనెందుకు కొంటున్నాను?"
మర్నాడు గోడకి సున్నం వేయించాను.
ఎరుపు ఇంకా కొంచెం కనబడుతూనే ఉంది.

లెక్కలు రాసే నెరెయా
జమకీ ఖర్చుకీ మధ్య కొత్త గడి గీసింది: తరుగు.
తరుగంటే నష్టం కాదట,
ముందే ఒప్పుకున్న నిజమట.
ఆ పిల్లకి అప్పుల్లేవు, అలాగే అంటుంది.

ఒచోలా సంగతి ఏ గడిలో రాయాలో మాత్రం
ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.
కంప్రెసరు గొంతు మారిందని మూడుసార్లు చెప్పాడు.
మొదటిసారి ఫోనులో ఉన్నాను.
రెండోసారి బ్యాంకు మేనేజరుకి టీ పోస్తున్నాను.
మూడోసారి విన్నాను గాని చెవిన పెట్టలేదు.
అది కాలిపోయిన రాత్రి
చీలమండల దాకా నీళ్ళు, నలభై దిమ్మెల నీళ్ళు.
అందరూ చూస్తుండగా అతణ్ణే పొమ్మన్నాను.
తప్పు ఎవరో ఒకరిది కావాలి,
నాది కాకపోతే చాలు.
ఇప్పుడతను ఎంబిటాలో, పోటీవాడి దగ్గర.
రేవులో ఎదురైతే టోపీ తీసి
"మిషను ఎలా ఉంది?" అంటాడు,
బంధువు ఆరోగ్యం అడిగినట్టు.
"బాగుంది" అంటాను.
అసలు మాట నాలుక మీద గడ్డకట్టి ఉంటుంది.
ఇంత ఐసు కరగడం చూశాను,
అదొక్కటీ కరగదు.

పోయిన నెల కిసుములో
కుర్రవ్యాపారులకి నాయకత్వం గురించి చెప్పమని
మైకు చేతికిచ్చారు.
పెద్ద కలలు కనండి అన్నాను. చప్పట్లు కొట్టారు.
చెప్పాలనుకున్నది రంపపుపొట్టు గురించి.
వడ్రంగి ఊరికే పారబోసే ఆ పొట్టు
ఎండలో గంటకి కిలో ఎలా మిగులుస్తుందో,
జీతాలిచ్చే శుక్రవారం
నా గొంతు ఎందుకు పెద్దదవుతుందో,
గుర్రపుడెక్క రేవుని కమ్మేసి
పడవ కదలని పదకొండు రోజులు
యంత్రం ఆపితే మనుషులు చెదిరిపోతారని
ఐసు చేసి, ఐసు పారబోసి, మళ్ళీ చేసి...
మైకు వెనక్కిచ్చేశాను.
భోజనం మంచిది పెట్టారు.

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఊరంతా నవ్వుతుంది.
నిన్న మా చిన్నది అపోండి
మామిడిరసంలోకి ఐసుముక్క అడిగితే
నా నోట్లోంచి ముందు ధర వచ్చింది.
అది నవ్వలేదు.
తన డబ్బాలోంచి పది షిల్లింగుల నాణెం తెచ్చి
బల్లమీద పెట్టింది.
ఇంకా అక్కడే ఉంది, తీసే ధైర్యం లేదు.

ఈ రాత్రి కరెంటు పోయింది.
జనరేటరు వేసే ముందు
ఒక్క నిమిషం చీకట్లో నిలబడ్డాను.
గోనెల కింద చుక్క, చుక్క.
ఎంత పోతోందో ఇప్పుడు చెవితోనే చెప్పగలను.
ఐదింటికి డోర్సిలా వస్తుంది.
ఆమె త్రాసు తేవడం మానేసి
రెండేళ్ళయింది.
అదే, ఒక్కోసారి, భయం.