కీమేన్ తలుపు

తుపానుకి ఊడి
పక్కవాళ్ళ జీడితోటలో పడ్డ పనసచెక్క తలుపు
మళ్ళీ గుమ్మానికి పట్టలేదు.
గుమ్మమే ఒరిగిపోయింది మరి.
పొయ్యిలోకి పనికొస్తాది అంది తవిటమ్మ.
ఆగవే అన్నాను.
ఎందుకో అప్పటికి నాకూ తెలీదు.

పూండి నుంచి నౌపడా వైపు నా బీటు.
భుజాన సుత్తి, చేతిలో పానా,
సంకలో ఎర్రదీ పచ్చదీ రెండు జెండా చుట్టలు.
పట్టా మీద సుత్తి వేస్తే మోగాలి.
మోగకపోతే వంగి చూడాలి.
ఇరవయ్యారేళ్ళు వంగే చూశాను.
క్లిప్పులు వెతికే కంటికి
క్లిప్పులు కానివి ఎన్ని పడతాయో!

కోణార్క చక్రం ఉన్న తాళాల గొలుసు,
ఆకు ఒకటి విరిగింది, తాళాలు లేవు.
గవ్వలు అతికిన చేతద్దం,
గవ్వలున్నాయి, అద్దమే లేదు.
ఏ బెంగాలీ పెళ్ళికూతురిదో శంఖుగాజు, సగం.
రామేశ్వరం అని రాసున్న బుడ్డి సీసా,
నీళ్ళు ఇంకిపోయి అడుగున చిటికెడు ఇసుక.

నా దగ్గర ఏ రైలూ ఆగదు.
ఎన్ని ఊళ్ళు తిరిగేవు మావా అని
అల్లుడు అడిగితే
రెండు స్టేషన్లు అన్నాను.

డ్యూటీ దిగి
తలుపుని అరుగు మీద పడుకోబెట్టి పేరుస్తాను.
చక్రం పక్కన గాజు పెడితే
తోడికోడళ్ళలా ఎడమొహం పెడమొహం.
గాజుని కిందకి దించి
సీసాని దాని ఒళ్ళో పెట్టాను.
గాజు పడవైపోయింది!
నేననుకోలేదు. చెక్కే అనుకుంది.

జీడిజిగురు నిలవలేదు.
పలాస వెళ్ళి
రెండు గొట్టాలు కలిపి రాసే జిగురు తెచ్చాను.
ఊళ్ళో మాట పుట్టి మేటు అసిరయ్య వచ్చాడు.
రైల్వే సొత్తు ఏదైనా ఉందేమోనని
తలుపంతా తడిమి తడిమి చూశాడు.
ఏదీ దొరకలేదు. టీ తాగాడు.
వెళ్తూ వెళ్తూ జేబులోంచి
భద్రాచలం బిళ్ళ తీసిచ్చి
మూల ఖాళీగా ఉందిరా అన్నాడు.

ఒకరోజు తెల్లారి చూస్తే
తలుపు అంచున పూరీ బెత్తం.
పాసు మీద ఒకే ఒక్కసారి
ఆడపడుచుతో వెళ్ళి
తవిటమ్మ బేరమాడి కొన్నది.
ఎవరు పెట్టారని నేనడగలేదు.
తనూ చెప్పలేదు.
తలుపు మొత్తానికి డబ్బిచ్చి కొన్నది అదొక్కటే.

ఇక, ఎడమకాలి బుల్లి బూటు.
అడుగేస్తే కూత పెట్టే రకం.
కంకర్లో దొరికిన నాటికి ఎర్రగా ఉండేది.
దాన్ని మాత్రం అతకలేదు,
కట్టుతీగతో రెండు చుట్లు చుట్టాను.
రేప్పొద్దున ఎవరైనా వచ్చి అడిగితే
ఊడదియ్యాల గదా.
ఎవరొస్తారేటి నీ పిచ్చి గానీ,
ఆ పిల్ల ఈపాటికి కాలేజీకెళ్తుంటాది
అంది తవిటమ్మ.

గూడ్సు పోతుంటే ఇల్లు అదురుతుంది.
సీసాలో ఇసుక కొంచెం జరుగుతుంది.
తీగకి కట్టింది ఒక్కటే ఊగుతుంది.

పొద్దున్నే కళ్ళాపి చల్లి లోపలికొస్తూ
తడిచేత్తో తవిటమ్మ
ఆ బూటుని ఒకసారి నొక్కుతుంది.
కూస్తుంది.
నేను సుత్తి తీసుకుని బయల్దేరతాను.